గుర్రం వయసు మారితే మేత కూడా మారాలి

గుర్రాలు పెంచేవాళ్ళు ఎక్కువగా మాట్లాడుకునేది దాణా ఎంత పెడుతున్నాం అనే, కానీ నాకైతే దాణా కన్నా ముందు దాని నోరూ కడుపూ చూడాలి అనిపిస్తుంది, ఏ వయసులోనైనా సగం ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి.

పుట్టిన పిల్ల గంటలోపు లేచి నిలబడాలి, రెండు గంటల్లోపు పాలు తాగాలి, తల్లికి మూడు గంటల్లోపు మాయ పడిపోవాలి. వీటిల్లో ఏది లేటయినా తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. ఎందుకింత తొందర అంటే గుర్రప్పిల్లకి తల్లి కడుపులో ఉండగా యాంటీబాడీలు దాదాపు రావు, జున్నుపాల నుంచే రావాలి, వాటిని పేగు పీల్చుకునేది కూడా మొదటి 24 గంటలే, అదీ గంటగంటకీ తగ్గిపోతూ ఉంటుంది. ఒకరోజు వయసున్న పిల్లకి రక్తపరీక్ష చేయిస్తే సరిపడా అందాయో లేదో తెలుస్తుంది, తక్కువుంటే ప్లాస్మా ఎక్కిస్తారు. ఈ టెస్ట్ మాత్రం దయచేసి వదిలెయ్యకండి.

పాలు మాన్పించేది మామూలుగా 4-6 నెలలప్పుడు. అప్పట్నుంచి త్వరగా ఎదగాలని గింజలు మరీ ఎక్కువ పెట్టేస్తుంటారు, దానివల్ల ఎముకలూ కీళ్ళూ సరిగ్గా తయారవ్వవు, నిదానంగా ఎదగడమే మంచిది. ఏలికపాముల బెడద కూడా ఈ వయసులోనే ఎక్కువ.

ఇక పెద్ద గుర్రం. ఒంటికి తగ్గట్టు చూస్తే దాని పొట్ట చాలా చిన్నది, 8-15 లీటర్లే, పైగా మేసినా మెయ్యకపోయినా అందులో యాసిడ్ ఊరుతూనే ఉంటుంది, అందుకే గంటలకొద్దీ ఖాళీగా కట్టేస్తే అల్సర్లు వస్తాయి. వాంతి కూడా చేసుకోలేదు పాపం, తేడా చేస్తే కడుపునొప్పితో పొర్లాల్సిందే, అది ప్రాణం మీదకి కూడా రావొచ్చు. 500 కిలోల గుర్రానికి రోజుకి 7.5 నుంచి 10 కిలోల ఎండుగడ్డి కావాలి, ఎప్పుడూ మంచినీళ్ళుండాలి, మేత మార్చాలంటే వారం పదిరోజులు పట్టేలా కొంచెం కొంచెంగా మార్చాలి. గిట్టలు 6-8 వారాలకోసారి చెక్కించడం, ఏటా ధనుర్వాతం టీకా, ఇవి ఎలాగూ తప్పవు. నట్టల మందు మాత్రం క్యాలెండర్ చూసి పోసెయ్యకుండా పేడలో గుడ్లు లెక్కించి వెయ్యండి, లేకపోతే నట్టలు మందుకి లొంగడం మానేస్తాయి.

ముసలిదైపోయింది కదా, చిక్కిపోకుండా ఎలా ఉంటుంది అనే మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. చాలాసార్లు కారణం పళ్ళే. గుర్రం పళ్ళు అరుగుతూ ఏళ్ళతరబడి పైకి వస్తూనే ఉంటాయి, చివరికి అయిపోతాయి, అప్పుడు గడ్డి నమల్లేక ముద్దలుగా కింద పడేస్తుంది, అది కనిపిస్తే పళ్ళు చూపించి మేత నానబెట్టి మెత్తగా పెట్టండి, చాలావాటికి మళ్ళీ ఒళ్ళొస్తుంది. ఎండాకాలం వచ్చినా పొడుగు జుట్టు రాలకుండా అలాగే ఉందంటే అది వయసు కాదు, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు అయ్యుండొచ్చు, దాంతో లామినైటిస్, అంటే గిట్ట లోపల వాపు, వచ్చి గిట్టలు పాడవ్వొచ్చు, రక్తపరీక్షలో బయటపడితే పెర్గొలైడ్ అనే మందు ఉంది, రోజూ వెయ్యాలి, సాధారణంగా జీవితాంతం.