వద్దంటే నిజంగానే వద్దనుకునే చోట

బ్రిటిష్ భోజనానికి వెళ్దామనగానే మా ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే, అందులో బీఫ్ ఉంటుందా అని. మేం చికెన్, మటన్, చేపలు తింటాం, బీఫ్ ముట్టం. లండన్ వచ్చిన కొత్తలో ఇది చాలా తేలికైన నియమం అనుకున్నాను. పళ్లెంలో కనిపించే ముక్కని వదిలేస్తే సరిపోతుంది కదా!

అంత తేలిక కాదని నెమ్మదిగా తెలిసింది. యార్క్‌షైర్ పుడ్డింగ్ అంటే మైదా, గుడ్లు, పాలు కలిపిన పిండే. కానీ పాత పద్ధతిలో దాన్ని బీఫ్ కొవ్వు కాగుతున్న గుంటల్లో పోసి పొంగిస్తారు. రోస్ట్ బంగాళాదుంపలు బీఫ్ కొవ్వులోనో బాతు కొవ్వులోనో వేగుతాయి. ఇంగ్లండ్ ఉత్తరాన కొన్ని చోట్ల చిప్స్‌దీ (అంటే లావుపాటి ఫ్రెంచ్ ఫ్రైస్) అదే దారి. క్రిస్మస్ పుడ్డింగ్‌లో సూయెట్ అనే గట్టి బీఫ్ కొవ్వు వేస్తారు, పొరలు పొరలుగా పేర్చే ట్రైఫిల్ అనే తీపి వంటకంలోని జెల్లీకి పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ కావాలి. ఇక్కడి చట్టం ప్రకారం వంటకంలో ఉన్న 14 రకాల అలర్జీ పదార్థాల గురించి హోటల్ వాళ్లు చెప్పి తీరాలి. సెలెరీ, ఆవాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి, బీఫ్ మాత్రం లేదు. అది మనం నోరు తెరిచి అడగాల్సిందే. మనకి అక్కడే మొహమాటం!

మా అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు మామయ్యగారు ఒకే కోరిక కోరారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. "దొరల తిండి, దొరలు తినే చోటే ఒక్కసారి తినాలమ్మా" అన్నారు. మా ఆయన స్ట్రాండ్ రోడ్డులోని సవాయ్ హోటల్‌లో ఆదివారం మధ్యాహ్నానికి ఐదుగురికి టేబుల్ బుక్ చేశారు. ఐదో మనిషి ఇక్కడే పుట్టి పెరిగిన మా పదేళ్ల వాడు.

హోటల్ ముందున్న చిన్న దారిలో బళ్లు కుడివైపున నడుస్తాయి. దేశమంతా ఎడమవైపు నడిపే చోట ఇది వింతే. మా వాడు ఆ సంగతి తాతయ్యకి చూపిస్తే, తాతయ్య వాడికి చరిత్ర అందుకున్నారు. నాటకాలు వేయించి సంపాదించిన డబ్బుతో డాయ్‌లీ కార్ట్ అనే ఆయన 1889లో ఈ హోటల్ తెరిచాడు. నడపడానికి సీజర్ రిట్జ్‌ని, వంటకి ఎస్కాఫియేని తెచ్చుకున్నాడు. అంటే ఇంగ్లిష్ ఘనతకి గుర్తుగా చెప్పుకునే చోట మొదట్లో గరిటె తిప్పింది ఫ్రెంచివాడు. ఈ మాట మామయ్యగారికి ఎంత నచ్చిందంటే, భోజనం అయ్యేలోపు రెండు మూడుసార్లు చెప్పారు.

అత్తయ్యగారికి మాత్రం పిల్లి కథ నచ్చింది. 1898లో ఇక్కడ విందు ఇచ్చిన ఒక వజ్రాల వ్యాపారి బల్ల దగ్గర చివరికి పదమూడు మందే మిగిలారట. ఆ తర్వాత కొన్ని వారాలకే ఆయన్ని దక్షిణాఫ్రికాలో కాల్చి చంపారు. అప్పటి నుంచి పదమూడు మంది వస్తే అపశకునమని హోటల్ మనిషి ఒకరు పద్నాలుగోవాడిగా కూర్చునేవాడు. 1927లో ఆ పనికి కాస్పర్ అనే నల్లపిల్లి బొమ్మ చేయించారు. మెడకి నాప్కిన్ కట్టి, దాని ముందు కూడా అన్నీ వడ్డిస్తారు. "మనకి ఎదురొస్తే ఆగిపోతాం, వీళ్లు పక్కన కూర్చోబెట్టుకుంటున్నారా!" అని అత్తయ్యగారు తెగ నవ్వారు. నల్లపిల్లి మంచి శకునమని మా వాడు, చెడ్డదని ఆవిడ కాసేపు వాదించుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు. శకునాల విషయంలో ఏ దేశం పక్షమూ వహించకూడదని నా పద్ధతి.

ఇంతలో వెయిటర్ బ్రెడ్ తెచ్చాడు. అత్తయ్యగారు మర్యాదగా "వద్దు బాబూ" అన్నట్టు చెయ్యి ఊపారు. అతను చిరునవ్వు నవ్వి వెళ్లిపోయాడు. మా తెనాలిలో మొదటి "వద్దు" లెక్కలోకి రాదు. రెండోది కూడా అంతే. వడ్డించేవాళ్లు మూడోసారి అడిగి, విస్తట్లో వేసేశాకే కదా భోజనం సాగేది! ఆవిడ అతను మళ్లీ వస్తాడని చూస్తున్నారు. మా వాడికి అర్థమైంది. "నాన్నమ్మా, ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. వద్దంటే నిజంగానే వద్దనుకుంటారు. బ్రెడ్ కావాలా?" ఆవిడ తలూపారు. వాడు వెయిటర్‌ని పిలిచి, తడబడకుండా నాన్నమ్మకి బ్రెడ్ ఇవ్వమని అడిగాడు.

ఆ తర్వాత అసలు పని కూడా వాడే చేశాడు. స్కూల్లో రోస్ట్ పెట్టే రోజుల్లో అడిగి అడిగి అలవాటు. మేం బీఫ్ తినం, దాని కొవ్వు, దాని రసంతో చేసే గ్రేవీ కూడా వద్దు, ఏవేవి తినొచ్చు అని సూటిగా అడిగేశాడు. క్షమాపణ లేదు, సంజాయిషీ లేదు. నేనైతే ముందు నాలుగు సారీలు చెప్పి, చివరికి సలాడ్‌తో సరిపెట్టుకునేదాన్ని. వెయిటర్ లోపలికి వెళ్లి కనుక్కొని వచ్చి ఒక్కొక్కటీ చెప్పాడు. చివరికి చేప, చికెన్, కూరగాయలతో కడుపు నిండింది. చప్పగా ఉందా అంటే ఉంది. హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరు ముద్ద నాలిక మీద వేసుకోగానే ఘాటు ముక్కుకెక్కి, మామయ్యగారు "ఇదొక్కటీ మనవాళ్లు చేసినట్టుంది" అన్నారు.

పిల్లల్ని ఇక్కడ పెంచుతూ నాకొకటి తోచింది. ఏది తినకూడదో చెప్పి ఊరుకుంటే, ఆ నియమం అమ్మ పక్కన లేని చోట నిలబడదు. అడగడం కూడా నేర్పాలి, అడిగినందుకు సిగ్గుపడనక్కర్లేదని కూడా. మొదటి సగం మేం నేర్పాం, రెండో సగం ఈ ఊరు నేర్పింది. రేపు పెద్దయ్యాక వాడు బీఫ్ తింటాడో మానేస్తాడో వాడి ఇష్టం. ఏది చేసినా తెలిసి చేస్తాడు.

బిల్లులో సర్వీస్ ఛార్జ్ చూసి మామయ్యగారు కళ్లజోడు సవరించుకున్నారు. లండన్‌లో 12.5 శాతం మామూలే. అది ఐచ్ఛికమైతే తీసేయమని అడగొచ్చు, 2024 అక్టోబర్ నుంచి ఆ డబ్బంతా పనివాళ్లకే ఇవ్వాలని చట్టం కూడా వచ్చిందని మా ఆయన చెప్పాక ఆయన శాంతించారు.

తర్వాతి వారం పక్కింటి ఇంగ్లిష్ ఆవిడని భోజనానికి పిలిచాం. పెద్దావిడ, ఒంటరిగా ఉంటుంది. మా వాడు గుమ్మంలోనే ఆవిడకి జాగ్రత్తలు చెప్పాడు. మా నాన్నమ్మ మళ్లీ మళ్లీ వేస్తుంది, నో అంటే వినదు, చాలనిపిస్తే పళ్లెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టు అని. ఆవిడ అలాగే పెట్టింది. అత్తయ్యగారు ఆ వేళ్ల సందులోంచే ఇంకో గారె జారవిడిచారు.