మా నాయన వెస్టిండీస్

2025 అక్టోబర్ మొదటి వారంలో అహ్మదాబాద్‌లో మనకీ వెస్టిండీస్‌కీ టెస్ట్ జరుగుతుంటే, కావలి ట్రంక్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఒక ఫ్రెండ్ అన్నాడు, "ఈళ్ళ మ్యాచ్ కూడా చూసేవాళ్ళు ఉండారా అబ్బా, మనం పుట్టినకాడ్నించీ ఓడిపోతానే ఉండారు గదా" అని. వాడేదో మాటవరసకి అన్నాడు, టీ తాగి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ మాట రెండు మూడు రోజులు బుర్రలో తిరుగుతూనే ఉంది. చూసేవాళ్ళు ఉన్నారు మరి. మా ఇంట్లోనే ఉన్నారు.

ఆ టెస్ట్ మూడో రోజుకే అయిపోయింది. ఇన్నింగ్స్ 140 పరుగుల తేడాతో మనవాళ్ళు గెలిచారు. టీవీలో చూస్తే అంత పెద్ద స్టేడియంలో మనుషులకన్నా ఖాళీ కుర్చీలే ఎక్కువ కనపడ్డాయి. మా నాయన చివరి వికెట్ పడేదాకా సోఫాలోంచి లేవలేదు, ఎవరితో మాట్లాడలేదు, అయిపోయాక టీవీ కట్టేసి అన్నానికి వచ్చాడు. మనం గెలిస్తే ఈయనకి సంతోషం లేదా అని అడగొద్దు, ఉంది. ఇండియా గెలవాలనే ఉంటుంది ఆయనకు. కానీ వెస్టిండీస్ అలా గెలుపు దగ్గరికి కూడా రాకుండా పోవడం తట్టుకోలేడు.

దీని మొదలు చెప్పాలంటే 1988 సంక్రాంతి దగ్గరికి పోవాలి. అప్పటికి నాయనకి పెళ్ళి కాలేదు, స్టేషన్ రోడ్డులో సైకిల్ షాపు పెట్టి రెండేళ్ళయిందట. ఆ పండగ రోజుల్లోనే మద్రాసు చెపాక్ స్టేడియంలో ఇండియా, వెస్టిండీస్ టెస్ట్. షాపుకి తాళం వేసి, పాతిక రూపాయలో ఎంతో జేబులో పెట్టుకుని మద్రాసు రైలెక్కేశాడు. పండగ పూట కొడుకు ఇంట్లో లేడని మా నాయనమ్మ ఆయన తిరిగొచ్చాక రెండు రోజులు పలకలేదట, అరిసెలు కూడా పక్కింటివాళ్ళ చేత పెట్టించిందట. ఆ మ్యాచ్ క్రికెట్ తెలిసినవాళ్ళందరికీ గుర్తే. కళ్ళద్దాలు పెట్టుకున్న 19 ఏళ్ళ నరేంద్ర హిర్వాణి మొదటి టెస్ట్‌లోనే 136 పరుగులిచ్చి 16 వికెట్లు తీశాడు, వెస్టిండీస్ 255 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఎవరైనా ఆ మ్యాచ్ చూసొస్తే హిర్వాణికి అభిమాని కావాలి. మా నాయన ఓడిన టీమ్ కెప్టెన్ వివియన్ రిచర్డ్స్‌కి అయ్యాడు.

చిన్నప్పుడు ఎన్నోసార్లు అడిగాను, ఓడిపోయిన టీమ్ ఎట్టా నచ్చింది నాయనా అని. ఆయన చెప్పేది ఒకటే. "హెల్మెట్ లేదు, నోట్లో చూయింగ్ గమ్, గేటు కాడ్నించి పిచ్ దాకా ఆ మనిషి నడిచొచ్చింది చూడాలబ్బయ్యా. నలభై వేల మంది మనోళ్ళు అరుస్తా ఉండారు. ఆయన ఆ అరుపు తన కోసమే అన్నట్టు వచ్చాడు. ఓడిపొయ్యి పోయేటప్పుడు కూడా తల దించలా." నలభై వేలు అనేది నాయన లెక్క, అప్పటి చెపాక్‌లో ఎంతమంది పట్టేవారో నేను వెతకలేదు, వెతకను కూడా.

షాపు గోడ మీద స్పోర్ట్‌స్టార్ నడిమి పేజీలోంచి తీసిన రిచర్డ్స్ బొమ్మ ఉండేది. మైదా ఉడికించి ఆ జిగురుతో అతికించాడు కాబట్టి పీకితే చిరుగుతుందని ముప్ఫై ఏళ్ళు అలాగే వదిలేశాడు. కింద ఎడమ మూలలో నల్లటి వేలిముద్రలు నాలుగు, చైన్‌కి గ్రీజు పట్టించిన చేత్తోనే అంటించాడన్నమాట. మెరూన్ టోపీ రంగు వెలిసి వెలిసి ఇటుక రంగులోకి, ఆ తర్వాత పాలమీగడలో టీ చుక్క కలిపిన రంగులోకి వచ్చింది. షాపు ఖాళీ చేసిన రోజు ఆ గోడ సున్నం పెచ్చుతో సహా ఊడొచ్చింది బొమ్మ. దాన్ని అట్టముక్క మీద పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

ఇంకో సంగతి నాయనకు వాళ్ళను దగ్గర చేసింది, నాకైతే అసలు కారణం అదే అనిపిస్తుంది. వెస్టిండీస్ అనే దేశం లేదు. ఎక్కడెక్కడో ఉన్న దీవులూ చిన్న దేశాలూ, ఒక్కోదానికి ఒక్కో జెండా, క్రికెట్ కోసం మాత్రం కలిసి ఒకే టోపీ పెట్టుకుంటాయి. జమైకా మొత్తం జనాభా మన ఉమ్మడి నెల్లూరు జిల్లా అంత, దాదాపు ముప్ఫై లక్షలు. సోబర్స్, మార్షల్, గార్నర్, గ్రీనిడ్జ్, హేన్స్ పుట్టిన బార్బడోస్ నెల్లూరు టౌనంత కూడా ఉండదు, మూడు లక్షల లోపే. ఇక రిచర్డ్స్, ఆండీ రాబర్ట్స్, ఆంబ్రోస్ పుట్టిన ఆంటిగ్వా అయితే అచ్చం మా కావలంత, లక్షకి కాస్త తక్కువ. కావలంత ఊరు అలాంటి ముగ్గుర్ని ఇస్తే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. 1976లో ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్ సిరీస్ మొదలవకముందే టీవీలో వీళ్ళను కాళ్ళ మీద పడేలా చేస్తానన్నాడు. ఆ ఎండాకాలం రిచర్డ్స్ ఒక్కడే 829 పరుగులు కొట్టాడు, వెస్టిండీస్ 3-0తో గెలిచింది. 1980 నుంచి 1995 దాకా, పదిహేనేళ్ళు, ఒక్క టెస్ట్ సిరీస్ కూడా ఓడిపోలేదు. నాయన దగ్గర ఈ లెక్కలన్నీ నోటికి ఉంటాయి, మా బంధువుల పుట్టినరోజులు మాత్రం అమ్మని అడుగుతాడు.

నేను క్రికెట్ చూసే వయసుకి ఆ రోజులు పోయాయి. నాకు దొరికింది బ్యాట్స్‌మన్ బ్రయాన్ లారా. 2004లో ఆంటిగ్వాలో 400 కొట్టాడు, ఆ సిరీస్ మాత్రం ఇంగ్లండే గెలిచింది. నాకు తెలిసిన వెస్టిండీస్ అంతే, ఒక్కడు అద్భుతంగా ఆడడం, టీమ్ ఓడిపోవడం. అయినా నాకూ నచ్చింది. అంటే గెలుపు చూసి మొదలైన ఇష్టం కాదు నాది, నాయన్ని చూసి మొదలైంది.

అందుకే మా ఫ్రెండ్ మాట నాకు తప్పనిపిస్తుంది. ఓడిపోతే జనం పోరు. దీనికి పెద్ద సాక్ష్యం ఐపీఎల్‌లో బెంగళూరు టీమ్. మా పిన్ని కొడుకు అక్కడే ఉద్యోగం, కోహ్లీ 18 నంబర్ జెర్సీ వేసుకుని తిరుపతి కొండకి కూడా వెళ్ళాడు. వాళ్ళ టీమ్ 2009, 2011, 2016లో ఫైనల్ ఓడిపోయింది, 2017లో కోల్‌కతా మీద 49కి ఆలౌటైంది, ఏటా మార్చి వస్తే మావాడు ఈసారి కప్పు మాదే అనేవాడు, మే వస్తే ఫోన్ ఎత్తేవాడు కాదు. పదిహేడేళ్ళు గెలవలేదు, ఒక్కడు తగ్గకపోగా పెరిగారు. 2025 జూన్ 3న పద్దెనిమిదో సీజన్‌లో పంజాబ్ మీద 6 పరుగులతో గెలిచినప్పుడు వీడియో కాల్‌లో వాడు ఏడుస్తుంటే మా పిన్ని ఇక్కడ ఏడ్చింది, ఆమెకి ఓవర్‌కి ఎన్ని బంతులో కూడా తెలీదు. ఆ మర్నాడే స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. టీవీలో అది చూసిన దగ్గర్నుంచి వాడి ఫోన్ కలిసేదాకా రెండు గంటలు మా ఇళ్ళల్లో ఎవరికీ ప్రాణం లేదు. వాడు ఆ రోజు ఆఫీసులోనే ఉండిపోయాడు. అన్నేళ్ళు ఎదురుచూసిన పిల్లలు చూడ్డానికి పోయి తిరిగి రాలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

బెంగళూరు 2009 ఫైనల్ ఓడింది ఎవరి మీదో గుర్తుందా? మన డెక్కన్ ఛార్జర్స్ మీద, అదీ 6 పరుగులతోనే. గిల్‌క్రిస్ట్ కెప్టెన్, గిబ్స్ 53 నాటౌట్. ఆ రాత్రి కావలిలో టపాసులు కాల్చాం. 2012తో ఆ టీమ్‌ని తీసేశారు. ఇప్పుడు మా వీధిలో ఏ పిల్లాడినైనా అడగండి, డెక్కన్ ఛార్జర్స్ అంటే సెల్‌ఫోన్ ఛార్జరా అంటాడు. కప్పు గెలిచిన టీమ్‌కి ఊరూ పేరూ లేకుండా పోయింది, గెలవని టీమ్‌కేమో లక్షల మంది. నా లెక్క ప్రకారం తేడా ఒక్కటే. కోహ్లీ అనే మనిషి 2008 నుంచి ఒకే టీమ్‌కి, ఏటా మన కళ్ళ ముందే ఆడాడు. కళ్ళ ముందు ఉన్నదాన్ని జనం ఓడినా వదలరు. కనపడకుండా పోతే గెలిచినా మర్చిపోతారు. హాకీ సంగతి కూడా ఇంతే అనిపిస్తుంది, ఎనిమిది ఒలింపిక్ బంగారు పతకాల ఆట, 2008 బీజింగ్‌కి అసలు అర్హతే రాకపోతే మన ఊళ్ళల్లో ఎంతమందికి బాధేసింది? అప్పటికే ఆ ఆట మన కళ్ళ ముందు లేదు.

నాకు వెస్టిండీస్ విషయంలో భయం అక్కడే, ఓటముల దగ్గర కాదు. పోయినేడు మా మేనల్లుడు, నాలుగో తరగతి, ఐపీఎల్ చూస్తూ అడిగాడు, "మామా, నరైన్‌ది ఏ ఊరు?" అని. వెస్టిండీస్ రా, ట్రినిడాడ్ అన్నాను. "అదేంది, కోల్‌కతా కాదా?" వాడి తప్పేమీ లేదు. సునీల్ నరైన్ 2019 తర్వాత వెస్టిండీస్‌కి ఆడనే లేదు. పూరన్ 29 ఏళ్ళకే 2025 జూన్‌లో దేశానికి ఆడడం మానేశాడు. రస్సెల్, హెట్‌మెయర్, అందరూ మా వాడికి తెలుసు, వాళ్ళ సిక్సులు ఎంత దూరం పోతాయో తెలుసు, వాళ్ళు ఒకే మెరూన్ టోపీ పెట్టుకోవాల్సినవాళ్ళని తెలీదు. ఆటగాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాదు. లీగుల్లో రెండు నెలలు ఆడితే వచ్చే డబ్బు దేశానికి ఏడాదంతా ఆడినా రాకపోతే, కావలంత ఊళ్ళో పుట్టిన పిల్లాడు ఏం చేస్తాడు, మన పిల్లలు ఊరొదిలి బెంగళూరు పోవట్లేదా?

2014 అక్టోబర్ 14న వైజాగ్‌లో ఇండియా, వెస్టిండీస్ వన్డే ఉండింది. నేనప్పుడు అక్కడే చదువుతున్నా, నాయన కోసం కూడా కలిపి రెండు టికెట్లు కొన్నా. 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరినే ఊడ్చుకుపోయింది, మ్యాచ్ రద్దయింది. అప్పుడు నీళ్ళకీ పాలకీ క్యూలో నిలబడ్డాం, మ్యాచ్ గురించి ఎవరికి ధ్యాస? కానీ ఆ వారంలోనే, ధర్మశాల వన్డే అవ్వగానే, జీతాల గొడవ మీద వెస్టిండీస్ టీమ్ పర్యటన మధ్యలో ఇంటికి వెళ్ళిపోయింది. తుఫానుకి పోయిన మ్యాచ్ గురించి నాయన ఒక్కమాట అనలేదు. ఆ వెళ్ళిపోవడం గురించి మాత్రం, "ఓడినా ఆడి పోవాల గదరా" అని చాలా రోజులు అన్నాడు.

2023లో ఇంకా ఘోరం. మన దేశంలో ప్రపంచ కప్ జరిగితే అందులో వెస్టిండీసే లేదు, మొదటిసారి. మొదటి రెండు కప్పులు, 1975, 1979, గెలిచిన టీమ్. హరారేలో క్వాలిఫయర్స్‌లో నెదర్లాండ్స్ చేతిలో సూపర్ ఓవర్‌లో, తర్వాత స్కాట్లాండ్ చేతిలో ఓడి బయటికి పోయారు. ఆ నెదర్లాండ్స్ హైదరాబాద్‌లో రెండు మ్యాచ్‌లు ఆడింది. హైదరాబాద్ పోదామా నాయనా అని అడిగితే వద్దన్నాడు. ఆయన క్రికెట్ చూడ్డానికి వద్దనడం నేను ఎప్పుడూ వినలేదు.

మళ్ళీ ఆయన ముఖంలో వెలుగు చూసింది 2024 జనవరి 28న, ఆదివారం. ఆస్ట్రేలియా మీద బ్రిస్బేన్ టెస్ట్. ముందు రోజు స్టార్క్ బంతి బొటనవేలికి తగిలి నడవలేక బయటికి పోయిన షమర్ జోసెఫ్, గయానాలో పడవ మీద తప్ప పోలేని ఊరివాడు, అంతకు కొన్నాళ్ళ ముందు దాకా సెక్యూరిటీ గార్డు, వచ్చి 68కి 7 వికెట్లు తీశాడు. 8 పరుగులతో గెలిచారు, ఆస్ట్రేలియాలో 27 ఏళ్ళ తర్వాత. అమ్మ చేపల పులుసు పొయ్యి మీదే వదిలేసి వచ్చి నిలబడింది, ఎందుకంటే నాయన కుర్చీలోంచి లేచి టీవీకి జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు, చివరి వికెట్ పడగానే చేతులు రెండూ తల మీద పెట్టుకున్నాడు. కామెంటరీ బాక్స్‌లో లారా ఏడుస్తున్నాడు. మా నాయన కూడా. ఏడాదిన్నరకి కింగ్‌స్టన్‌లో అదే ఆస్ట్రేలియా మీద 27కి ఆలౌటయ్యారు, అది కూడా చూశాడు.

ఇప్పుడు మళ్ళీ 2025 అక్టోబర్‌కి వస్తా. అహ్మదాబాద్ తర్వాత ఢిల్లీ టెస్ట్. 13వ తేదీ సోమవారం, మేనల్లుడికి జ్వరం, బడికి పోలేదు, తాత పక్కన దుప్పటి కప్పుకుని పడుకున్నాడు, వేరే గతి లేక టెస్ట్ మ్యాచ్ చూస్తున్నాడు. ఫాలో ఆన్, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకపడి వెంటనే మళ్ళీ బ్యాటింగ్, ఆడుతూ వెస్టిండీస్ తరఫున క్యాంప్‌బెల్, షై హోప్ సెంచరీలు కొట్టారు. తర్వాత వరసగా వికెట్లు పోయాయి, తొమ్మిది పడ్డాయి, ఇక అయిపోయిందని నేను లేచాను. గ్రీవ్స్, సీల్స్ మాత్రం అవుట్ కాలేదు. పది, ఇరవై, యాభై. మనవాళ్ళు బౌలర్లను మార్చారు, ఫీల్డర్లను మార్చారు. చివరి వికెట్‌కి 79 పరుగులు. ఎప్పుడో పడుకున్నవాడు దుప్పటి తీసేసి లేచి కూర్చుని, "తాతా, ఈ చివర వచ్చినోడు బౌలరా? బ్యాటింగ్ రాదంటివి గదా?" అని అడుగుతున్నాడు. నాయన చెప్తున్నాడు, ఆ పిల్లాడిది ట్రినిడాడ్ అని, నరైన్‌ది కూడా అదే అని, ఇద్దరిదీ ఒకే టోపీ అని.

చివరికి 390కి అవుటయ్యారు. మనకి 121 కావాలి, సాయంత్రానికి 63 కొట్టారు, మిగిలింది 58. రేపు గంటలో అయిపోతుందని అందరికీ తెలుసు. టీవీ కట్టేస్తుంటే మేనల్లుడు, "రేపు కూడా ఉందా తాతా?" అన్నాడు.

"ఉంది. పొద్దున తొమ్మిదిన్నరకి."

"వీళ్ళేనా?"

"వీళ్ళే" అన్నాడు నాయన.