మూడో పిందె

పదకొండున్నరయింది, నిద్ర పట్టట్లేదు. కారణం మామిడి తొక్కలు. నవ్వకండి.

ఇవాళ కూడా అత్తయ్య రసాల తొక్కలు, టెంకలు తెచ్చి సీతాఫలం మొదట్లో పడేశారు. విజయవాడలో మాకున్న నేలే గోడకీ మెట్లకీ మధ్య నాలుగడుగులు. పొద్దున్నే ఊడ్చి కడుక్కుంటానా, పదింటికల్లా ఈగలు ముసురుతాయి. తడి చెత్తకి వేరే బకెట్ పెట్టానత్తయ్యా అంటే, "చెట్టుకి బలం కదమ్మా" అంటారు. ఈయనేమో పేపరు అడ్డం పెట్టుకుంటారు. మీకు తెలిసిందే.

ఆ చెట్టుకి నాలుగేళ్ళు. పూత బోలెడు, పిందె నిలవదు. ఎండలకి మాడిపోతోందనుకున్నాను. అదొక్కటే కాదు. సీతాఫలం పువ్వు ముందు ఆడది, తర్వాత మగది. రేకలు కాస్త విడినప్పుడే పుప్పొడి అందుకుంటుంది. పూర్తిగా విచ్చుకుని తన పుప్పొడి రాల్చే వేళకి ఆ అదను దాటిపోతుంది. తేనెటీగలు దాని జోలికి పెద్దగా రావు, ఆ సందులో దూరేవి చిన్న పెంకు పురుగులు. అందుకే రోహిణి కార్తె నుంచీ తెల్లారి ఆరింటికి పిల్లాడి డ్రాయింగ్ బ్రష్షుతో విచ్చిన పూల పుప్పొడి సగం విడినవాటికి నేనే అద్దుతున్నాను. పువ్వులన్నీ తలకిందులు, నా మెడ పట్టేసింది. ఇప్పటికి మూడు పిందెలు. చూపిస్తే అత్తయ్య, "పూలని అలా కెలికితే ఇంకేం నిలుస్తాయి!"

తెనాలి దగ్గర అమ్మమ్మ దొడ్లో బావి పక్కన సీతాఫలం ఉండేది. నీళ్ళు పోసిన పాపాన ఎవరూ పోలేదు. దసరా సెలవులకి వెళ్ళేసరికి కొమ్మలు వంగి ఉండేవి. కళ్ళు విచ్చిన కాయలు కోసి అమ్మమ్మ బియ్యం డబ్బాలో మగ్గేస్తే, మేం గంటకోసారి చెయ్యి పెట్టి నొక్కి తిట్లు తినేవాళ్ళం. ఇంట్లో కుళ్ళిన పండు ఏదైనా ఏడాది పొడుగునా ఆ చెట్టు కిందకే. పులిసిన కంపు. అది ఎత్తించమని అమ్మ పోరేది, అమ్మమ్మ వినేది కాదు.

ఇందాక పడుకున్నాక తట్టింది. ఆ పెంకు పురుగులు వచ్చేదే పులిసిన పళ్ళ వాసనకి.

అంటే అత్తయ్య తొక్కలు... ఒప్పుకోను. పిందెలు నా బ్రష్షువే. రెండు, ఖచ్చితంగా. మూడోది పై కొమ్మన ఉంది, స్టూలెక్కినా నా చెయ్యి అందదు అక్కడికి.

రేపు ఆ మూల ఊడవను. అత్తయ్యకి ఎందుకో చెప్పను. టెంకలు మాత్రం ఏరేస్తాను, కాళ్ళకి తగులుతున్నాయి.