పచ్చి చేపలో పురుగు: పులుపుకి చావదు, చలికి చస్తుంది

జపాన్ వెళ్లిన మనవాళ్లు మొదటిసారి సాషిమి (పచ్చి చేప ముక్కలు) తినబోతూ అడిగే ప్రశ్న "తాజాదేనా?" అని. తాజాదనం ముఖ్యమే, కానీ పురుగు సంగతి దాంతో తేలదు. "ఫ్రీజ్ చేసిందేనా?" అనే అడగాలి. పొద్దున పట్టిన చేపలోనూ అనిసాకిస్ అనే పురుగు బతికే ఉండొచ్చు.

తెల్ల దారప్పోగులా ఉంటుంది. పొడవు 2-3 సెంటీమీటర్లు, మందం మిల్లీమీటరు లోపే. చేప పేగుల మీద, కాలేయం మీద దోమల కాయిల్‌లా చుట్టుకుని కనిపిస్తుంది. చేప చచ్చాక కొన్ని పురుగులు అక్కణ్ణుంచి కండలోకి, ఎక్కువగా పొట్టవైపు కండలోకి దూరిపోతాయి. అందుకే చేప తెచ్చిన వెంటనే పొట్ట చీల్చి, పేగులూ కాలేయం తీసేసి, కడిగి, చల్లగా పెట్టాలి. పొట్ట ముక్కని లైటుకి ఎత్తి చూసి, కనబడ్డ పురుగుని పట్టకారుతో లాగేయాలి. కండలో లోతుగా దూరింది మాత్రం కంటికి ఆనదు.

ఎక్కువమంది మోసపోయేది షిమె-సాబా అనే జపాన్ వంటకం దగ్గర. సాబా అనే చేప మన కానాగంతలకి దగ్గరి చుట్టం. ఉప్పు పట్టించి వెనిగర్‌లో ఊరబెడతారు. పైన తెల్లబడి ఉడికినట్టే ఉంటుంది, లోపల పురుగు మాత్రం కదులుతూనే ఉంటుంది. అది పెద్దయ్యేది తిమింగలాలు, డాల్ఫిన్ల కడుపులో. కడుపులోని ఆమ్లానికే ఓర్చుకునే పురుగుని వెనిగర్ ఏం చేస్తుంది? నిమ్మరసం, సోయా సాస్, వాసాబి (ఘాటైన పచ్చ ముద్ద) కూడా అంతే.

దాన్ని చంపేవి చలి, వేడి. జపాన్ ఆరోగ్యశాఖ చెప్పే లెక్క మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నియమం ఇంకా గట్టిది: అదే చలిలో 7 రోజులు. ఆ చలి ముక్క నడిమధ్యకీ చేరాలి. ఇళ్లలో ఫ్రీజర్ సాధారణంగా మైనస్ 18 దగ్గరే ఉంటుంది, తలుపు తీసినప్పుడల్లా ఇంకా పైకి పోతుంది. పచ్చిగా తినడానికైతే దాన్ని నమ్ముకోవద్దు, ముందే ఫ్రీజ్ చేసి అమ్మేది కొనండి.

వేడికైతే 60 డిగ్రీల్లో ఒక నిమిషం, 70 దాటితే వెంటనే చస్తుంది. తెర్లే చేపల పులుసుకి భయం లేదు. పెద్ద మంట మీద వేసిన లావు ముక్కల వేపుడు చూసుకోవాలి: పైన ఎర్రగా కాలి, ముల్లు దగ్గర కండ ఇంకా అద్దంలా ఉంటే అది ఉడకనట్టే.

మంచినీటి చేపని పచ్చిగా అసలు ముట్టుకోవద్దు. వాటిలో కాలేయానికి పట్టే పురుగులు వేరే ఉంటాయి.

తిన్న కొన్ని గంటలకి పొట్ట పైభాగంలో మెలిపెట్టే నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోవద్దు. ఏ చేప, ఎప్పుడు పచ్చిగా తిన్నారో డాక్టరుకి ముందే చెప్పండి. ఎండోస్కోపీతో పురుగుని చూసి పట్టి లాగేస్తారు. దద్దుర్లు, ఆయాసం కూడా వస్తే అది అలర్జీ కావచ్చు, ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఈ అలర్జీ ఉన్నవాళ్లలో కొందరికి చచ్చిన పురుగు కూడా పడదు, కాబట్టి ఫ్రీజ్ చేసిన చేప తినే ముందు కూడా డాక్టర్ని అడగాలి.