తలలో గడ్డ కాదమ్మా, తల ఎముకలో

కువైట్‌లో అహ్మదీ వైపు పరంజా పనికి వచ్చి నాకిది తొమ్మిదో ఏడు. పోయిన ఎండాకాలం హెల్మెట్ పట్టీ నుదుటి పైన కుడివైపు ఒకే చోట ఒత్తుకుంటోందని ముందు పట్టీ మార్చాను, తర్వాత హెల్మెటే మార్చాను, ఆ తర్వాత గానీ వేలు పెట్టి తడిమి చూసుకోలేదు. చింతగింజంత బుడిపె. నొప్పి లేదు, రాయిలా ఉంది.

క్యాంపు దగ్గర క్లినిక్‌లో చూపిస్తే కొవ్వు గడ్డ, ఇంజెక్షన్ చేసి పది నిమిషాల్లో కోసేస్తాం అన్నారు. డ్యూటీ పోదు కదా అని నేనూ సరేనన్నాను. మా రూములో ఉండే వింజమూరు అన్న ఒప్పుకోలేదు. "కొవ్వు గడ్డయితే వేలి కింద జారాలి, ఇది కదలడం లేదు, స్కాన్ లేకుండా కత్తి పెట్టనీయొద్దు" అని పట్టుబట్టాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

సీటీ తీస్తే బుడిపె పుర్రె ఎముకలోనే పుట్టిందని తేలింది. లోపల తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా కనిపించింది. రక్తనాళాలు అల్లుకుని పెరిగే హిమాంజియోమా అయి ఉండొచ్చు, క్యాన్సర్ లక్షణాలు లేవు, పుర్రెకు ఇది రావడం చాలా అరుదు అన్నారు న్యూరోసర్జన్. మధ్యలోకి కోస్తే రక్తం బాగా పోతుందట, అందుకే చుట్టూ కాస్త మంచి ఎముకతో సహా ఒకే ముక్కగా తీస్తారట. ఆ క్లినిక్ బల్ల మీద పడుకుని ఉంటే ఏమయ్యేదో!

కావలికి ఫోన్ చేసి "తలలో గడ్డంట" అన్నాను. అదే నేను చేసిన తప్పు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మెదడులో కాదు, ఎముకలో అని చెప్పడానికి నాకు వారం పట్టింది.

సెలవు పెట్టి నెల్లూరులో ఆపరేషన్ చేయించుకున్నాను. గడ్డ మెదడు పైపొరను తాకలేదని ఎమ్మారైలో ముందే చూశారు. తీసిన చోట టైటానియం జాలీ పెట్టి స్క్రూలు బిగించారు. "తుప్పు పట్టదా నాయనా?" అని అమ్మ అడిగితే డాక్టరుగారే కూర్చోబెట్టి, పట్టదమ్మా అని చెప్పారు. ముక్క పరీక్షలో హిమాంజియోమానే అని వచ్చింది.

తిరిగొచ్చాక ఆత్మకూరు కుర్రాడొకడు తన బుడిపె చూపించాడు. అదీ కదల్లేదు. స్కాన్‌కు పంపాను. వాడిది ఆస్టియోమా, గట్టి ఎముకే కాస్త పెరిగింది, ఇబ్బంది లేకపోతే కోయక్కర్లేదు, అప్పుడప్పుడూ చూపించుకో అన్నారట. వాళ్ళమ్మకు నేనే ఫోన్ చేశాను, ముందు ఎముక అన్న మాట చెప్పి.