తాత పికప్‌కి డిస్క్ బ్రేకులు

మా బండిని చూసినవాళ్లు ముందు అడిగేది ఒకటే, "వింటేజ్ నంబర్ ప్లేట్ తీసుకోలేదేం?" అని. రాదు కాబట్టి తీసుకోలేదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి. ఇంజిన్, ఛాసిస్, బాడీ పెద్దగా మారకుండా పాత రూపంలోనే ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు కట్టించుకుని 'వీఏ' అక్షరాలున్న ప్లేట్ ఇస్తారు. దాంతో రోజూ రోడ్డెక్కడానికి మాత్రం వీల్లేదు. మాది 1989 నాటి మహీంద్రా జీప్ పికప్. వయసూ చాలదు, నేను చేయించిన పనులకి ఆ ప్లేట్ మీద ఆశ పెట్టుకునే పనీ లేదు. నాకు కావాల్సింది మే నెల ఎండలో తిరుపతి నుంచి పాకాల దగ్గరి తోటకి పోయి, సాయంత్రానికి నడుం నొప్పి లేకుండా తిరిగొచ్చే బండి.

తాత దీంట్లో బెంగళూరా మామిడికాయ దామలచెరువు మార్కెట్‌కి తోలేవాడు. ముందు జీప్ ముక్కు, వెనక తొట్టి, 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్, నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. ఆయన పోయాక కొట్టం పక్కన అట్లాగే ఉండిపోయింది. ఇంజిన్ బాగానే ఉంది గానీ వైరింగ్ అంతా ఎలుకలు కొరికేశాయి, తొట్టి అడుగు తుప్పు పట్టి కింద నేల కనబడేది.

ఇట్లాంటి బండి మీద చెయ్యి వేసేముందు మెకానిక్ కంటే ఆర్టీఓ ఆఫీసునే ముందు చూసుకోవాలి. ఆర్సీ ఇంకా తాత పేరు మీదే ఉంది. యజమాని చనిపోతే పేరు మార్చడానికి ఫారం 31. దానికి తహశీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు తమకి అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్లు. మా మేనత్త అడగ్గానే సంతకం పెట్టింది. పెద్దనాయన మాత్రం, "ఆ తుప్పు బండికి సంతకం దేనికిరా, పాత సామానోడికి ఏసేయ్" అంటూ చాలా రోజులు తిప్పించుకున్నాడు.

ఆర్టీఓ ఆఫీసులోనే తెలిసింది ఏం మార్చొచ్చో, ఏది ముట్టుకోకూడదో. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. నా స్నేహితుడొకడు స్కార్పియో ఇంజిన్ దించేద్దామని మహా ఉత్సాహపడ్డాడు. వద్దన్నాను. ముందు లావుపాటి క్రాష్ గార్డ్ పెట్టిద్దామన్నాడు. వాటి మీద చర్య తీసుకోమని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకి రాసింది, అదీ వద్దన్నాను. రంగు ఆర్సీలో ఉంటుంది కాబట్టి పాత రంగే. టింకరింగ్ మొదలుపెట్టే రోజు ఛాసిస్ నంబర్ కొట్టిన చోట తుప్పుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాం. తర్వాత దాని మీద మందపాటి టేపు వేసి, గ్రైండర్ పట్టే కుర్రాడికి ఆ జానెడు జాగా వైపు పోవద్దని మరీ మరీ చెప్పాను. ఆ అంకెలు అరిగిపోతే ఎంత మంచి రిపేరైనా దండగే.

మా మెకానిక్ అన్నది ఒక్కటే మాట: "ముందు నిలబడేది చూస్కో సామీ, పరిగెత్తేది తర్వాత చూద్దాం." సరేనని బ్రేకులతోనే మొదలుపెట్టాం, ముందు చక్రాలకి డ్రమ్ముల బదులు డిస్కులు. బొలెరో డిస్కులు, వాటిని పట్టి ఆపే క్యాలిపర్లు చెన్నైలో పాత స్పేర్ పార్టులు అమ్మే పుదుపేటలో దొరికాయి. అక్కడ ఒక షాపువాడు పాత క్యాలిపర్‌కి నల్ల రంగు కొట్టి కొత్తదని అంటగట్టబోయాడు. రబ్బరు బూటు వేలితో లాగి చూస్తే లోపల పిస్టన్ మీద తుప్పు మచ్చలు. పుదుపేటకి పోయేవాళ్లు రంగు చూడొద్దు, పిస్టన్ చూడండి. క్యాలిపర్ బిగించే బ్రాకెట్లు ఇక్కడే లేత్‌లో చేయించాం.

అన్నీ బిగించి ఒక రౌండు కొట్టొస్తే ముందు చక్రాలు రెండూ చెయ్యి పెట్టలేనంత వేడి. మెకానిక్ జాకీ ఎక్కించి, నన్ను పెడల్ నొక్కి వదలమన్నాడు. వదిలాక చక్రం చేత్తో తిప్పితే బిగదీసుకుని ఉంది. క్యాలిపర్ మీద ఫ్లూయిడ్ వదిలే చిన్న మర, బ్లీడ్ నిపుల్, కాస్త లూజు చేశాడు. ఫ్లూయిడ్ చుర్రుమని చిమ్మింది, చక్రం వదులై తిరిగింది. సంగతేమంటే, పెడల్ తొక్కితే బ్రేకులకి ఫ్లూయిడ్ తోసేది మాస్టర్ సిలిండర్. డ్రమ్ బ్రేకుల దాంట్లో చిన్న వాల్వ్ ఒకటి ఉంటుంది. పెడల్ వదిలినా లైన్‌లో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. డ్రమ్ములకి అది కావాలి. డిస్కులకి అదే ఒత్తిడి ప్యాడ్లని అంటిపెట్టుకుని ఉండేట్టు చేస్తుంది. డిస్క్–డ్రమ్ కలిపి నడిచే మాస్టర్ సిలిండర్ వేశాక ఆ గొడవ తీరింది.

పెడల్ తేలిగ్గా తొక్కడానికి సాయపడే బ్రేక్ బూస్టర్‌కి వ్యాక్యూమ్ కావాలి, డీజిల్ ఇంజిన్‌కి పెట్రోల్ దానిలా అది తనంతట పుట్టదు. వెనక వ్యాక్యూమ్ పంపు అమర్చి ఉన్న అల్టర్నేటర్లు దొరుకుతాయి. అది వేస్తే రెండు పనులూ అవుతాయి: బ్రేకుకి వ్యాక్యూమ్, ఏసీకీ లైట్లకీ సరిపడా కరెంటు. పంపుకి ఇంజిన్ ఆయిల్ లైను ఇచ్చి, తిరిగి ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లోకి పైపు వేయాలి. మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. బ్యాటరీ మన కరకంబాడిలో తయారయ్యే అమరాన్.

హెడ్‌లైట్లకి ఎల్‌ఈడీ వేయమని అందరూ అన్నారు. ఎదుటివాడి కళ్లు పోగొట్టడం నాకిష్టం లేదు. 60/55 వాట్ల హాలోజెన్‌లే ఉంచి, స్విచ్ మీద భారం పడకుండా కరెంటు కలిపే రిలేలు పెట్టించాను. రెండు హైబీమ్‌లూ కలిపి 10 ఆంపియర్లు తాగుతాయి. అదంతా పాత స్విచ్ గుండా పోవడం వల్లే ఇన్నాళ్లూ లైట్లు మినుకుమినుకుమన్నాయి. ఇప్పుడు బ్యాటరీ నుంచి నేరుగా పోతోంది, పాత గుండ్రటి లైట్లే తెల్లగా వెలుగుతున్నాయి.

పవర్ స్టీరింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. హైడ్రాలిక్‌ది వేశాం, ముందు చక్రాలు తిరిగే ఇరుసుల్లాంటి పాత కింగ్‌పిన్‌లు, వాటి బుష్‌లు మార్చాకే వేశాం. స్టీరింగ్‌లో ఆట ఉంచుకుని దాని మీద పవర్ వేస్తే ఆట ఎటూ పోదు. 6.00-16 నైలాన్ టైర్ల బదులు 15 అంగుళాల రిమ్‌లకి 215/75 రేడియల్స్ వేశాం. చుట్టుకొలత కాస్త తగ్గింది కాబట్టి స్పీడోమీటర్ ఉన్నదానికంటే మూడు శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. కమాన్ పట్టీలు ఒకటి తీసేస్తే మెత్తగా ఉంటుందన్నారు. తొట్టి ఉన్న బండికి పట్టీ తీయడమేమిటి? విప్పి, తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు రాయించి మళ్లీ కట్టించాను.

ఏసీ కూడా పెట్టించాను, సోకు కాదు. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం రేకు క్యాబిన్‌లో కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది.

ఇది మూడు టన్నుల లోపు గూడ్స్ బండి, పర్మిట్ అక్కర్లేదు, ఫిట్‌నెస్ మాత్రం తప్పదు. బయట ఏజెంట్, "పాత బండి, మా ద్వారా రాకపోతే పాసవదు" అని టెన్షన్ పెట్టాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మాత్రం హ్యాండ్ బ్రేకు, వైపర్లు, హారన్, రేడియం టేపు చూసి, ఛాసిస్ నంబర్ దగ్గర టార్చి వేసి ఆర్సీతో పోల్చుకున్నాడు. టేపు తీసిన చోట అంకెలు స్పష్టంగా ఉన్నాయి. పాసైంది.

అలిపిరిలో టెంకాయ కొట్టించి, చంద్రగిరి మీదుగా భాకరాపేట ఘాట్‌కి తీసుకెళ్లాం. తొట్టిలో ఎరువు బస్తాలు వేసుకునే పోయాం, ఖాళీ బండితో బ్రేకు సంగతి తెలియదు. దిగేటప్పుడు రెండో గేరులో వదిలి మలుపులకి ముందు మాత్రమే బ్రేకు తొక్కాను. పాత డ్రమ్ములైతే సగం దారిలో వేడెక్కి పెడల్ కిందికి పోయేది. ఈసారి కిందిదాకా పెడల్ ఒకే ఎత్తులో నిలబడింది, బండి ఏ పక్కకీ లాగలేదు.

ఇంక మిగిలింది గేర్‌బాక్స్. హైవే మీద నాలుగో గేరులో ఇంజిన్ అరుపుకి ఏసీ వేసుకుని లాభం లేకుండా పోతోంది. బొలెరో ఐదు గేర్లది వేస్తే గేర్‌బాక్స్ నుంచి చక్రాల ఇరుసుకి తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కూడా మార్చాలట. దానికి ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి, వాళ్లు సరేనంటేనే పుదుపేటకి ఫోన్ చేస్తాను.