ఒక్క టాక్ కొడితే పోలా

రేణిగుంట రోడ్డులో, మా నాయన షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. 3 వారాల సెలవులో 12 రోజులు అప్పుడే అయిపోయాయి. ఎదురుగా ఎవరిదో గేటుకు టాక్‌లు, అంటే చుక్క చుక్కగా వెల్డింగ్, కొడుతున్నారు. ఆ నీలం వెలుగు కంట పడినప్పుడల్లా, మార్చిలో, నేను పనిచేసే సైకిల్ షాపు మాస్టర్ నన్నన్న మాట గుర్తొచ్చి ఒళ్ళు మండుతోంది.

నేనుండేది జర్మనీలో, ష్వాబియన్ కొండల కింద ఒక చిన్న ఊరు. తిరుపతిలో పాలిటెక్నిక్ చదివి, అక్కడ మళ్ళీ మూడున్నరేళ్ళ అప్రెంటిస్ చేసి, సైకిల్ వర్క్‌షాపులో కుదురుకున్నాను. ఆ రోజు ఒక టీచరమ్మ ఒంటిచక్రం సైకిల్ తెచ్చింది. మనకది సర్కస్‌లో జోకర్ ఎక్కే వస్తువు. ఆమె దాని మీద కొండ దిగుతుంది. వయసు యాభై దాటింది. "దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తున్నాయి, బ్రేక్ పెట్టివ్వండి" అంది.

దీనికి బ్రేక్ ఏమిటని నాకూ మొదట అనిపించింది. మామూలు ఒంటిచక్రానికి చైన్ ఉండదు, తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ ఉండదు. పెడల్ నేరుగా ఇరుసుకే. చక్రం తిరుగుతున్నంత సేపూ కాళ్ళు తిరగాల్సిందే, ఆగాలంటే పెడల్‌ను వెనక్కి నొక్కిపట్టాల్సిందే. 1944 నాటి ఘాట్ రోడ్డు మీద తిరుమల నుంచి దిగే బస్సును డ్రైవరు చిన్న గేర్‌లో వేసి ఇంజన్ మీదే పట్టి దించుతాడు కదా, ఆ ఇంజన్ పని ఇక్కడ మోకాళ్ళు చేస్తాయి. ఈ బ్రేక్ బండిని ఆపడానికి కాదు, మోకాళ్ళ మీద బరువు కొంచెం తగ్గించడానికి. ఉన్నట్టుండి గట్టిగా పట్టేసిందంటే, ముందు ఇంకో చక్రం లేదు కాబట్టి, మూతి పళ్ళు రాలతాయి.

ఫ్రేమ్ పాతది, అల్యూమినియం. బ్రేక్ తగిలించడానికి ఉండాల్సిన బొడిపెలు దానికి లేవు. చూడగానే అనేశాను: "టిగ్ వెల్డింగ్ మెషిన్ మీద రెండు బొడిపెలు వెల్డ్ చేస్తే సరి. పది నిమిషాల పని."

మాస్టర్ తల కూడా ఎత్తలేదు. "ఆలోచించడానికి బద్ధకమైనవాడే ముందుగా వెల్డింగ్ అంటాడు" అన్నాడు.

బద్ధకానికి ఆయన వాడిన మాట 'ఫౌల్'. ఆ భాషలో కుళ్ళిపోయినదాన్ని కూడా అదే మాటతో అంటారు. నాకు ముందు వచ్చింది ఆ అర్థమే, కూరగాయల అంగడిలో నేర్చుకున్నది. అందుకని కాసేపు నన్ను కుళ్ళినవాడన్నాడనే అనుకున్నాను. బద్ధకమని తెలిశాక ఇంకా కోపం వచ్చింది. పొద్దున ఏడింటికి షట్టరు ఎత్తేది ఎవరు మరి?

ఆయన చెప్పిన కారణం సరైనదే, ఒప్పుకుంటాను. 6061 రకం అల్యూమినియాన్ని బాగా వేడిచేసి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్ళీ గంటల తరబడి వెచ్చగా ఉంచి బలం తెప్పిస్తారు. దాని పేరు పక్కన రాసే టీ6 అంటే అదే. దాని మీద వెల్డింగ్ చేస్తే అతుకు చుట్టుపక్కల ఆ బలం దాదాపు సగం పోతుంది. ఫ్రేమ్ మొత్తాన్ని మళ్ళీ కొలిమిలో పెడితే తప్ప తిరిగి రాదు. ఇది నేను పరీక్షలో రాసి పాసైన సంగతే. చేతికి దిగలేదు, అంతే.

కానీ వెల్డింగ్ అనే మాట నా నోటికి ముందు రావడం బద్ధకమా? అది మేం తిన్న అన్నం. మా నాయన చేసేదంతా ఎమ్మెస్, అంటే మామూలు ఇనుము: పైపు, యాంగిల్, పట్టీ. పాల క్యాన్ల స్టాండ్లు, టిఫిన్ బండ్లు, మామిడికాయల సీజన్‌లో ట్రాలీ అడుగు పట్టీలు. ఆ ఇనుముకు అతుకు పెడితే అల్యూమినియంలాగా బలం పోదు. దానికి వెల్డింగ్‌ను మించింది లేదు. బండి విరిగి వచ్చినవాడు సాయంత్రానికి ఇడ్లీలు అమ్ముకోవాలి. వాడి బండి పక్కన పెట్టుకుని, ఈ బ్రేక్‌కు పట్టినట్టు రెండున్నర గంటలు ఆలోచిస్తే వాడి అప్పు ఎవరు కడతారు? మాస్టర్‌కు ఇదంతా చెప్పాలని వాక్యాలు కూర్చుకున్నాను. జర్మన్‌లో క్రియ చివరికి వచ్చేసరికి ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆయన ఇంకోటి కూడా అడిగాడు. "రేపు ఆమె ఇంకో సైజు చక్రం వేసుకుంటే? నువ్వు వెల్డ్ చేసింది ఊడదీసి ఇస్తావా?" ఇది మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు. మా షెడ్డుకు వచ్చే ప్రతివాడూ అడిగేది ఒకటే, "అన్నా, మళ్ళీ ఊడకుండా చెయ్యి." ఊడేలాగా చెయ్యమని అడిగినవాణ్ణి నేను పుట్టి చూడలేదు.

సరే, పని. డిస్క్ బ్రేక్ అయితే, బేరింగ్‌ను పట్టి ఉంచే క్యాప్ బోల్టులకే ఒక పట్టీ తగిలించి, డిస్క్‌ను పట్టే కాలిపర్ నిలబెట్టొచ్చు. కానీ డిస్క్ ఎక్కే హబ్బో (చక్రం నడుము) క్రాంకో (పెడల్ కాడ) ఉండాలి. ఆమెకు లేవు, కొంటే సైకిల్ ఖరీదు దాటుతుంది. పైగా ఆ బోల్టులు కాస్త ఎక్కువ బిగిస్తే బేరింగ్ నలిగి చక్రం బిర్రుగా తిరుగుతుంది. చివరికి మాగురా హెచ్‌ఎస్ 33 పెట్టాం. నూనె ఒత్తిడితో రిమ్‌ను రెండు వైపులా పట్టే బ్రేక్ అది. 1893లో మొదలైన ఆ కంపెనీ మాకు దగ్గరే, బాడ్ ఉరాఖ్‌లో. తిరుపతి పక్కన కరకంబాడి బ్యాటరీలంటే మనకెంతో, అక్కడివాళ్ళకు అదీ అంత.

ఫ్రేమ్ కాళ్ళు గుండ్రటివి, వెర్నియర్ కొలబద్దతో చూస్తే 25.4 మిల్లీమీటర్లు. వాటికి రెండు క్లాంపులు వేసి బ్రేక్ తగిలించాను. గీతలు పడకుండా కింద పాత ట్యూబ్ ముక్క చుట్టాను, మన దగ్గర అందరూ చుట్టినట్టే. చక్రం తిప్పి లీవర్ నొక్కితే, రిమ్ తనను పట్టిన బ్రేక్ కట్టెలను తనతో లాగింది, వాటితో పాటు క్లాంపు కాలు చుట్టూ తిరిగిపోయింది. రబ్బరు మెత్తగా జరిగిపోతుంది మరి. ఇంకా ఘోరం, నొక్కినప్పుడల్లా ఫ్రేమ్ కాళ్ళు రెండూ బయటికి విచ్చుకోవడం కంటికే కనిపిస్తోంది. నా బలమంతా కాళ్ళను విడదీయడానికే పోతోంది, రిమ్‌ను పట్టడానికి కాదు. గుర్రపునాడా ఆకారంలో ఒక కమాను వేసి రెండు క్లాంపులనూ కలిపి బిగించాక ఆ విచ్చుకోవడం ఆగింది.

ఇక క్లాంపు జారడం. నాకేం తోచక నిలబడితే, అంతసేపూ పద్ధతి పద్ధతి అని చంపిన మాస్టర్ మూలనున్న ఖాళీ బీరు డబ్బా తీసి, కత్తెరతో పట్టీ కోసి, ట్యూబ్ ముక్క బదులు చుట్టాడు. అక్కడ ఖాళీ డబ్బా అంగట్లో తిరిగిస్తే 25 సెంట్లు వస్తాయి, కోసిన డబ్బాకు రావు. ఆ 25 సెంట్లు కూడా బిల్లులో రాస్తాడేమోనని చూశాను. రాయలేదు. క్లాంపు మాత్రం కదల్లేదు.

లీవర్ సీటు ముందు కొన కింద పెట్టాం, ఒక వేలితో నొక్కేలాగా. మా షెడ్డులో అయితే రిపేరు చేసినవాడే తొక్కి చూపించాలి, లేకపోతే డబ్బులివ్వరు. నేను గోడ పట్టుకుని ఎక్కి, రెండు సార్లు పడి, ఊరుకున్నాను. ఆమె నాలుగు రోజుల తర్వాత ఆలుబొఖారా కేకు తెచ్చి, మాస్టర్‌ను దాటి వచ్చి నా చేతికిచ్చింది. "మోకాళ్ళు బాగున్నాయి" అంది. కేకు బాగుంది. అయినా ఆ ఫౌల్ అన్న మాట పోలేదు.

మిగిలిన క్లాంపు ఒకటి బ్యాగులో వేసుకుని వచ్చాను. పొద్దున నాయనకు చూపించి, జరిగిందంతా చెప్పాను, ఆ ఒక్క మాట తప్ప.

"ఎంత సేపు పట్టె?"

"రెండున్నర గంటలు."

"కూలి ఎంత తీసుకుంటిరి?"

చెప్పాను. నాయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక ఇంచి పైపు ముక్క తీసి, దానికి క్లాంపు బిగించి, సుద్దతో గీత గీసి, రెండు చేతులా మెలిపెట్టాడు. గీత వెంట్రుకంత పక్కకు జరిగింది.

"తిరగతా ఉండాది. ఇంత అగచాట్లు ఎందుకురా, ఈడ ఒక్క టాక్ కొడితే పోలా?"

"క్లాంపు అల్యూమినియం నాయనా. ఇనప పైపుకు అతకదు."

నాయన క్లాంపును అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టేశాడు.

"అట్లయితే ఇనప క్లాంపు చేసుకోవాల్సింది. మీ మాస్టర్‌కు చెప్పు."